నీళ్ళ మాత్ర

నాంచారమ్మ కాలి మీద బొటనవేలితో నొక్కి వదిలాను. గుంట పడింది. ఎంతసేపు చూసినా పూడలేదు.

"ఏందవ్వా ఇది? మల్లా ఊరగాయ తిన్యావు కదా?" అన్నాను.

"ఒట్టు తల్లీ. ఆ జాడీ మొహం చూసి ఎన్నాళ్ళయిందో. కావాలంటే మా కోడల్ని అడుగు."

కోడలు పద్మశ్రీ పక్కనే చేతిసంచి పట్టుకుని నిలబడి ఉంది. "అటక మీద పెట్టేశానండీ. నిచ్చెన వెయ్యకుండా ఆవిడకి అందదు," అంది.

"అట్లయితే నిచ్చెనేసుకోని ఎక్కింటుంది లే," అన్నాను.

బెంచీల మీద కూర్చున్న వాళ్ళంతా నవ్వారు. నాంచారమ్మ కూడా నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఉప్పు తినొద్దని ఈమెకు ఎన్నిసార్లు చెప్పానో నాకే లెక్క లేదు. నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. అయినా వచ్చిన ప్రతిసారీ ఈ వాపు కాళ్ళే.

నా పేరు సౌందర్య. బళ్ళారి కౌల్ బజార్‌లో ఒక నర్సింగ్ హోంలో, గుండె డాక్టరుగారి ఓపీలో స్టాఫ్ నర్సుని. పేషెంటు డాక్టరు గదిలోకి వెళ్ళేలోపు బరువు చూడాలి, కాళ్ళు నొక్కాలి, నాడి లెక్కపెట్టాలి, బీపీ చూడాలి, ఏ మాత్ర ఎప్పుడు మింగుతున్నారో అడిగి తెలుసుకోవాలి. వినడానికి తేలిక. చేసి చూడండి, తెలుస్తుంది. "ఏం మాత్ర వేసుకుంటున్నావు?" అంటే "చిన్నది మేడం, తెల్లగుంటుంది" అంటారు. లోకంలో ఉన్న మాత్రల్లో సగం చిన్నవే, తెల్లవే! బీపీ మాత్ర తలనొప్పి వచ్చిన రోజు మాత్రమే మింగేవాళ్ళున్నారు. తన మాత్రల్లో సగం చెల్లెలికి పంచిపెట్టే అక్కలున్నారు. దోణిమలై నుంచి వచ్చే ఒక పెద్దాయన పెళ్ళిభోజనం ఉన్న రోజు షుగర్ మాత్ర రెండేసి మింగుతాడు, భోజనానికి తగ్గట్టు ఉండాలట. అరిచీ అరిచీ నా గొంతు ఎలా తయారైందంటే, ఇంటికి వెళ్ళి మా అమ్మను మంచినీళ్ళు అడిగినా కసిరినట్టే ఉంటుంది.

వీళ్ళందరిలో నాంచారమ్మంటే నాకు ఇష్టం. అందుకే ఆమె మీద కోపమూ ఎక్కువే. ఆమెది కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుటుంబం. కాలవ నీళ్ళొచ్చాయని విని వాళ్ళ మామగారు ఇక్కడ వరి భూములు కొన్నారు. కప్పగల్లు దాటి బాగా లోపలికి వెళితే కాలవ కింద వాళ్ళ క్యాంపు, అంటే అలా వలస వచ్చిన రైతుల ఊరు. కొత్త కోడలుగా వచ్చి ఇక్కడే ముసలిదైంది గానీ మాట మాత్రం మార్చుకోలేదు. నేను "యాడ" అంటే "ఎక్కడ అనవే" అని నన్ను దిద్దుతుంది. నేను "అవ్వా" అంటే "నేనేం అవ్వని కాను, జుట్టే నెరిసింది" అంటుంది.

ఆమె గుండె బలహీనపడింది. రోజూ మింగాల్సినవాటిలో రెండు మాత్రలు ముఖ్యం. ఒకటి నీళ్ళ మాత్ర. గుండె సరిగ్గా కొట్టక ఒంట్లో నిలిచిపోయిన నీటిని అది మూత్రంలో బయటికి పంపేస్తుంది. రెండోది గుండె మాత్ర. అది గుండెను నిదానంగా, గట్టిగా కొట్టిస్తుంది. ఈ రెండోదానితో ఆటలు కుదరవు. ఒంట్లో దాని ప్రభావం కాస్త ఎక్కువైనా ప్రాణం మీదికి వస్తుంది. అందుకే అది మింగే ముందు నాడి చూడాలి. నిమిషానికి అరవై కంటే తగ్గితే ఆ పూట ఆపేసి మాకు ఫోన్ చెయ్యాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్ళ మాత్ర ఉత్త నీళ్ళనే తియ్యదు, ఒంట్లోని పొటాషియం అనే లవణాన్ని కూడా లాక్కుపోతుంది. అది తగ్గితే గుండె మాత్ర మామూలు మోతాదులోనే విషమవుతుంది. ఇదంతా పద్మశ్రీని కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టడం కూడా నేనే నేర్పించాను. పిల్ల తెలివైంది, ఇట్టే పట్టేసింది.

డాక్టర్ మోహన్‌కృష్ణ ఆమె బరువు చూశారు, కాళ్ళు చూశారు. మంచి మనిషే. గొంతెత్తి మాట్లాడరు. "నీరు దిగట్లేదు సిస్టర్. నీళ్ళ మాత్ర పెంచుదాం," అన్నారు.

పెంచారు. నెల తిరిగి మళ్ళీ వచ్చేసరికి కాళ్ళు ఇంకా వాచి ఉన్నాయి. బరువు ఇంకా పెరిగింది.

ఆ రోజు నా పరిస్థితి కూడా ఏమంత బాగా లేదు. పొద్దున డ్యూటీకి తెచ్చుకున్న నీళ్ళ సీసా నాతో సాయంత్రం నిండుగానే ఇంటికి వెళుతుంది. కారణం మా ఓపీ వరండా చివర ఉంది. అక్కడ ఆడవాళ్ళ టాయిలెట్ ఉంది. తలుపు మీద బొట్టు పెట్టుకున్న ఆడమనిషి బొమ్మ కూడా ఉంది. దాని కింద బీగం ఉంది. లోపల నేల నుంచి పైకప్పు దాకా సెలైన్ డబ్బాలు పేర్చారు. ఎవరైనా అడిగితే మా ఆయా కొట్రమ్మ "బస్టాండుకాడ ఉండాది, పోయి రాపో" అని వీధి వైపు చెయ్యి చూపిస్తుంది. ఆ ఆటోల్లో, బండ్లలో పడి అంత దూరం పోయి వచ్చేలోపు వాళ్ళ టోకెన్ దాటిపోతుంది. మగవాళ్ళకు ఏ బాధా లేదు, వాళ్ళకు సందు చాలు. డాక్టరుగారి గదిలోని బాత్రూం ఆయన ఒక్కరికే. పై అంతస్తులో వార్డువాళ్ళది ఉంది గానీ, గుండె జబ్బువాళ్ళు ఆ మెట్లెక్కలేరు, ఓపీ వదిలి నేనెక్కితే ఇక్కడ పెళ్ళిపందిరి కూలినంత గోల అవుతుంది. అందుకే నీళ్ళు తాగను. సాయంత్రానికి పొత్తికడుపు బిగుసుకుపోయి, మూత్రానికి వెళితే మంట. 'రోజూ బాగా నీళ్ళు తాగండి' అని అందరికీ చెప్పే నర్సమ్మ సంగతి ఇదీ.

అలాంటి కడుపుతో నాంచారమ్మ కాలి ముందు కూర్చున్నాను. మళ్ళీ గుంట. ఈసారి లోతుగా ఉంది.

"సిస్టరుగారూ, మీరు కోప్పడనంటే ఒకటి చెప్తాను," అంది పద్మశ్రీ భయపడుతూనే. "ఇంటి దగ్గర ఈ వాపుండదండీ. కాళ్ళు పుల్లల్లా ఉంటాయి. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయంటారు. ఇక్కడికొచ్చే రోజే ఇలా..."

"ఇంట్లో లేని వాపు బస్సులో ఎక్కుతుందా పద్మా? నువ్వు సదువుకున్న పిల్లవి, నువ్వూ ఇట్ల మాట్లాడితే ఎట్ల?" అని అరిచాను.

వరండా అంతా మా వైపే చూసింది. పద్మశ్రీ తల దించుకుంది. నాంచారమ్మ నా మొహం వైపు చూసి నోరు తెరిచింది. పక్క బెంచీలో కూర్చున్న మగవాళ్ళను చూసి మూసేసింది. ఇంకాస్త ఆగి ఉంటే చెప్పేదేమో. నేను ఆగలేదు. "నెక్స్ట్!" అన్నాను.

కళ్ళు తిరుగుతున్నాయట అని డాక్టరుగారికి చెప్పాను. ఆయన బీపీ చూశారు, బాగానే ఉంది. లవణాల పరీక్ష చేయించారు, అదీ పరవాలేదు. కళ్ళెదురుగా కనిపిస్తున్నది వాపు. ఆయన మాత్రం ఏం చేస్తారు? నీళ్ళ మాత్ర ఇంకా పెంచారు. ఊరగాయ జాడీని ఏకంగా కాలవలో పారెయ్యమని నేను పద్మశ్రీకి చెప్పి పంపాను.

ఆ తర్వాత ఒక రోజు, ఓపీ మంచి రద్దీలో ఉండగా పద్మశ్రీ ఫోన్ చేసింది.

"సిస్టరుగారూ, అత్తయ్యకి కామెర్లొచ్చినట్టున్నాయండీ. నిన్నటినుంచీ వాంతులు, ఆ హడావుడిలో నాడి కూడా చూడలేదు. అన్నం పెడితే ఇదేంటి పసుపు కలిపావు అంటున్నారు. తెల్లటి అన్నమేనండీ. గోడ కూడా పచ్చగా ఉందంటున్నారు. పక్క క్యాంపులో కామెర్లకి పసరు పోసే ఆయన ఉన్నాడు, అక్కడికి బయల్దేరుతున్నాం. ఆ మాత్రలు ఆపాలా అని అడుగుదామని..."

నా చేతిలో ఎవరిదో బీపీ పట్టీ ఉంది. దాన్ని అలాగే వదిలేసి లేచి నిలబడ్డాను.

"పద్మా, ఆగు. ఆమె కండ్లు సూడు. కండ్లలో తెలుపు పచ్చగా ఉండాదా?"

"లేదండీ. తెల్లగానే ఉన్నాయి."

కామెర్లయితే చూసేవాళ్ళకు ఆమె కళ్ళు పచ్చగా కనిపించాలి. ఇక్కడ ఆమె కళ్ళకు లోకం పచ్చగా కనిపిస్తోంది. గుండె మాత్ర విషమైతే ఇలాగే కనిపిస్తుందని మాకు చదువుకునే రోజుల్లో నూరిపోశారు.

"నాడి పట్టుకో. నేను నేర్పించినట్ల. లెక్క పెట్టు."

ఆ నిమిషం ఎంతకీ గడవలేదు. బెంచీల మీదివాళ్ళు గోల చేస్తున్నారు, కొట్రమ్మ "సిస్టరమ్మా, టోకన్ పిలువు" అని గొణుగుతోంది. చివరికి పద్మశ్రీ "నలభై దాటట్లేదండీ. మధ్యమధ్యలో ఒకటి తప్పిపోతోంది," అంది.

"పసరూ వద్దు, గిసరూ వద్దు! ఇంకొక్క మాత్ర కూడా నోట్లో ఎయ్యొద్దు. దొరికిన బండెక్కించుకోని నేరుగా ఈడికే రాండి. యాడా నిలబడొద్దు!"

పక్కింటివాళ్ళ కారులో తెచ్చారు. కొడుకు రవితేజ చేలోంచి వచ్చినవాడు వచ్చినట్టే, మోకాళ్ళ దాకా బురదతో ఆమెను రెండు చేతుల మీద ఎత్తుకుని ఐసీయూలోకి తీసుకొచ్చాడు. నాంచారమ్మ కాళ్ళు చూశాను. పద్మశ్రీ చెప్పినట్టే పుల్లల్లా ఉన్నాయి. నొక్కితే చర్మం ముడతలు పడింది తప్ప గుంట పడలేదు. నాలుక ఎండిపోయి ఉంది.

పొటాషియం బాగా పడిపోయింది. గుండె మాత్ర ఒంట్లో పేరుకుంది. డాక్టరుగారు రెండు మాత్రలూ ఆపేశారు. పొటాషియం ఎక్కించమన్నారు, అది కూడా చాలా నిదానంగా. తొందరపడి ఎక్కిస్తే అదే గుండెను ఆపేస్తుంది. ఎంత మూత్రం వస్తోందో చూడడానికి గొట్టం పెట్టాం. ఇంకేం చెయ్యడానికీ లేదు. మానిటర్ మీద గీత ఒకసారి లేచి, రెండోసారి లేస్తుందా లేవదా అని నన్ను చంపుకు తింటుంటే, అలా నిలబడి చూడటమే. రవితేజ తలుపు దగ్గర నిలబడి "మా అమ్మకేం కాదుగా సిస్టర్?" అని అడిగాడు.

అయ్యో దేవుడా, మందు పెంచే కొద్దీ వాపు పెరగడమేంటి? ఆ వాపు ఇంటికి పోగానే మాయమవడమేంటి? ఎక్కడో ఏదో తప్పు జరుగుతోంది, అది నా ముక్కు కింద జరుగుతోంది, నాకు కనిపించడం లేదు. తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

మరునాడు మధ్యాహ్నానికి గీత దారికొచ్చింది. నాడి అరవై దాటింది. నాంచారమ్మ కళ్ళు తెరిచి, నన్ను చూసి, "నీ గౌను తెల్లగానే కనిపిస్తోందే," అంది. నేను అటు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

కాసేపటికి మూత్రం సంచి ఖాళీ చేస్తుంటే మెల్లగా పిలిచింది.

"అమ్మాయ్, ఈ గొట్టం ఎప్పుడు తీస్తారు?"

"రేపు తీస్తాములే అవ్వా. నొస్తాండాదా?"

"నొప్పేం లేదు. తీసేస్తారేమోనని."

"తీసేయకుండా ఏం చేస్తారు మల్ల?"

"ఉంచెయ్యవే. ఇంటికి పంపేటప్పుడు కూడా ఉంచెయ్యి. ఈ సంచీని చీర లోపల కట్టుకుంటాను, ఎవరికీ కనిపించదు. ఇదుంటే ఇక్కడికొచ్చే రోజు కూడా ఆ నీళ్ళ మాత్ర మింగొచ్చు."

సంచి కింద పెట్టేశాను.

"ఈడికొచ్చే దినం మింగడంలేదా నువ్వు?"

"ఎలా మింగుతానే? అది మింగితే గడియకోసారి పరిగెత్తాలి. క్యాంపు నుంచి రోడ్డు దాకా ఆటో. అక్కడ బస్సుకోసం పడిగాపులు. ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదన్నప్పట్నుంచీ ఆ బస్సులో కాలు పెట్టే చోటుండదు. ఆపమంటే ఆ డ్రైవరు ఆపుతాడా? ఆపినా ఎక్కడికి దిగుతాను, రెండు పక్కలా నాట్లేసిన మడులు, మడి నిండా మనుషులు. ఇక్కడికొస్తే మీ బీగం. పొద్దుగూకేదాకా బెంచీ. ఒకసారి మింగి వచ్చాను. మీ బెంచీ మీదే చీర తడిసిపోయింది. అంతమంది మగాళ్ళ మధ్యన. కోడలు నీళ్ళ సీసా ఒలికిపోయిందని అందరికీ చెప్పి నన్ను లేపుకెళ్ళింది. ఆ రోజు చచ్చిపోతే బాగుండునని ఏడ్చానే."

"అప్పటినుంచి మానేసినావా?"

"ఇక్కడికొచ్చే ముందు రెండ్రోజులు మానేస్తాను. ఒక్క రోజు మానితే దాన్ని నమ్మలేం. కోడలి ఎదురుగా నోట్లో వేసుకుని, పెరట్లోకెళ్ళి ఉమ్మేస్తాను. పాపం, దానికేం తెలీదు. మళ్ళీ ఇంటికెళ్ళాక మీరు చెప్పినట్టే బుద్ధిగా మింగుతానుగా!"

అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. రెండు రోజులు మాత్ర మానేసి, పొద్దంతా కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని వాపుతో మా ముందుకు వస్తుంది. ఆ వాపు చూసి మేము మోతాదు పెంచుతాం. వాపు లేని కాళ్ళతో ఇంట్లో ఆ పెంచిన మోతాదు మింగుతుంది. రెండు రోజులు మానేసింది కాబట్టి మా లవణాల పరీక్షలో కూడా ఏమీ తేలదు. మేము నెల నెలా పరీక్ష చేసి చేసి ఈమెను చావు దాకా తీసుకెళ్ళాం.

"నాకెందుకు చెప్పలేదు అవ్వా?" అన్నాను.

"నువ్వు అడిగిందల్లా ఊరగాయ గురించేగా."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

"పోనీ డాక్టరుకు?"

"ఆయన మా రవితేజ ఈడువాడే. మగపిల్లాడి దగ్గర ఒంటికి వెళ్ళే సంగతి చెప్తానా? సిగ్గు లేదూ!"

నేను నేరుగా డాక్టరుగారి గదిలోకి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "నేనూ అడగలేదు కదా సిస్టర్," అన్నారు. తర్వాత గుండె మాత్ర ఇప్పట్లో వద్దని, నీళ్ళ మాత్ర మాత్రం మొదటి మోతాదుకు దించి మళ్ళీ మొదలుపెడదామని అన్నారు. ఇంట్లోనే రోజూ పొద్దున బరువు చూసుకోవడానికి మిషన్ కొనమన్నారు. "చెకప్ రోజు కూడా ఆవిడ మాత్ర మింగే రావాలి. అప్పుడే నాకు అసలు బరువు తెలుస్తుంది. తెల్లవారుజామున లేస్తూనే వేసుకోమనండి. బస్సెక్కే వేళకు జోరు కొంత తగ్గుతుంది."

"కొంత తగ్గుతుంది సార్. మిగిలింది ఈడే కదా పోవాల్సింది? యాడికి పోవాల?"

"మేనేజర్‌తో మాట్లాడండి."

మాట్లాడాను. ఆ రోజు నేను మా మేనేజర్ హులిగేశ్‌తో మాట్లాడింది కౌల్ బజార్ అంతా వినే ఉంటుంది.

"జాగా ఇల్ల మేడం," అన్నాడతను, కుర్చీలోంచి కదలకుండా. "ఆ డబ్బాలు యాడ పెట్టేది? మీ తలమీద పెట్టుకుంటారా?"

"పెట్టుకుంటాను, తే! ఒక మనిషి ప్రాణం పోతాండె, తెలుసా నీకు? ఆ బీగం వల్ల!"

"టాయిలెట్‌కి బీగం ఏస్తే గుండె జబ్బు వస్తదా మేడం? బలే చెప్తారు మీరు." పక్కనున్న గుమాస్తా వైపు చూసి నవ్వాడు. నా మొహం చూశాక నవ్వు ఆపి, "ఆయ్తు, ఆయ్తు. సరేలే మేడం, వచ్చే వారం ఖాళీ చేయిస్తా," అన్నాడు.

ఆ మాట పట్టుకుని నాంచారమ్మకు చెప్పాను. ఇంటికి పంపే రోజు ఆమె చెయ్యి పట్టుకుని, "అవ్వా, తెల్లారుజామున మాత్ర మింగు. మింగే రా. ఈడ సంగతి నేను చూసుకుంటా," అన్నాను.

"నిజంగానేనా?"

"నిజంగా."

"నువ్వు చెప్పావు కాబట్టి మింగుతాను. ఈసారి గనక నా పరువు పోయిందంటే, ఇక జన్మలో ఆ మాత్ర ముట్టను. చస్తే చస్తాను." నవ్వుతూ అనలేదు ఆ మాట.

హులిగేశ్ చెప్పిన ఆ వచ్చే వారం వెళ్ళిపోయింది. దాని తర్వాతి వారమూ వెళ్ళింది. నేను రోజూ అడుగుతున్నాను, హులిగేశ్ రోజూ "ఆయ్తు మేడం" అంటున్నాడు. పెయింటరు వచ్చి తలుపు మీద బొమ్మకు మాత్రం కొత్త రంగు వేసి వెళ్ళాడు. బొట్టు మరింత ఎర్రగా కనిపిస్తోంది. బీగం బీగంలాగే ఉంది.

చెకప్ రోజు వచ్చింది. గేటు దగ్గర ఆటో దిగుతున్న నాంచారమ్మను కిటికీలోంచి చూశాను. ఒక చేత్తో పద్మశ్రీ భుజం, రెండో చేత్తో చీర కుచ్చెళ్ళు గట్టిగా పట్టుకుని, పెదవి కొరుక్కుంటూ వస్తోంది. మింగే వచ్చిందని నడక చూస్తేనే తెలిసిపోయింది. నన్ను చూసి ఆ బాధలోనే చిన్నగా నవ్వింది.

"మింగానే. ఎటు వెళ్ళాలి?"

హులిగేశ్ గది దగ్గరికి పరిగెత్తాను. కుర్చీ ఖాళీ. "సారు హొసపేట పోయినాడు, బీగంచెవి ఆయప్పకాడే ఉండాది," అంది కొట్రమ్మ.

వెనక్కి వచ్చేసరికి నాంచారమ్మ వరండా చివరి దాకా వెళ్ళి ఆ తలుపు ముందు నిలబడి ఉంది. కొత్త రంగు వేసిన బొమ్మను చూసింది, బీగాన్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. పద్మశ్రీ అప్పుడే సంచిలోంచి నీళ్ళ సీసా తీసి మూత విప్పుతోంది, మళ్ళీ ఒలికించడానికి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాంచారమ్మ చెయ్యి పట్టుకుని డాక్టరుగారి గది తలుపు ధడాలున తోశాను. లోపల లారీల ఓనరు నారప చొక్కా విప్పుకుని బల్ల మీద పడుకుని ఉన్నాడు, డాక్టరుగారు ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టి ఉన్నారు.

"ఏంది సిస్టర్ ఇది?" అని నారప చొక్కా కోసం తడుముకున్నాడు.

"ఏం లేదప్పా. లెయ్, రవ్వంత బయటికి రా. సార్, మీరూ రాండి. అవ్వకు మీ బాత్రూం కావాల."

డాక్టరుగారు నా మొహం చూశారు, నాంచారమ్మ నిలబడిన తీరు చూశారు. లేచి తలుపు తెరిచి పట్టుకున్నారు. నారప చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ ఆయన వెనకాలే బయటికి నడిచాడు. వరండాలో అంతమందీ చూస్తుండగా గుండె డాక్టరూ, లారీల ఓనరూ తలుపు బయట చేతులు కట్టుకుని నిలబడ్డారు.

నాంచారమ్మ బయటికి వచ్చేసరికి మొహం తేటపడింది. తర్వాత బరువు మిషన్ ఎక్కించాను. ముల్లు చూసి నమ్మలేక దింపి మళ్ళీ ఎక్కించాను. ఇన్ని నెలల్లో ఆమె అసలు బరువు మాకు తెలిసింది ఆ రోజే. కాలు నొక్కితే గుంట పడలేదు. డాక్టరుగారు నీళ్ళ మాత్ర మొదటి మోతాదు కంటే కూడా తగ్గించి రాశారు. తర్వాత హులిగేశ్‌కు ఫోన్ చేసి, ఆ డబ్బాలు తీసుకొచ్చి తన గదిలోనే పెట్టమన్నారు. అవతలనుంచి "ఆయ్తు సార్" అనడం నాకు కూడా వినిపించింది. ఆ ఆయ్తు సంగతి నాకు తెలుసు.

మందులచీటీ పద్మశ్రీ చేతికిచ్చి, "పద్మా, ఆ పొద్దు నువ్వు చెప్పింది నిజమే. నేనే ఇనలేదు," అన్నాను. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నెక్స్ట్" అనబోతుంటే నాంచారమ్మ నా బల్ల దగ్గరే ఆగిపోయింది. బల్ల మీదున్న నా సీసాను ఎత్తి చూసింది. మూత సీలు కూడా తియ్యలేదు.

"పొద్దున్నుంచీ ఒక్క గుక్క కూడా తాగలేదేంటే?"

ఆమె నా మొహం చూసింది, బల్ల అంచు పట్టుకుని వంగి నిలబడిన నా తీరు చూసింది. బెంచీ మీద తడిసిన చీరతో కూర్చున్న మనిషికి ఇంకొకళ్ళు చెప్పాలా?

"పద," అంది.

"వద్దవ్వా, ఓపీ ఉండాది..."

"పద అన్నానా!" అని నా రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది. అప్పుడే మళ్ళీ బల్ల ఎక్కిన నారప, ఆమెను చూడగానే ఎవరూ చెప్పకుండానే లేచి చొక్కా అందుకున్నాడు. డాక్టరుగారు కూడా లేచారు.

నన్ను లోపలికి తోసి తలుపు వేసింది. బయట ఎవరో అడుగుతున్నట్టున్నారు, సిస్టరు ఎక్కడ, టోకెన్లు ఎవరు పిలుస్తారని. నాంచారమ్మ గొంతు ఖంగుమని వినిపించింది.

"కాసేపు ఆగండి బాబూ. లోపల ఆడపిల్లుంది."